ఓడినవాడి తనిఖీ

తనకు రాని ఉద్యోగం ఎవరికి వచ్చిందో కనుక్కుని, వాళ్ళు పనిలో చేరిన మొదటి రోజే వెళ్ళి తనిఖీ చేసి వచ్చే మనిషి మా గ్రేస్ హార్బర్ తీరం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. పేరు ఆర్విడ్ లెహ్తో. ఇప్పుడు రేవులో పడవలకు రంగులేస్తూ, అందులో సగం తన గడ్డానికే పూసుకుంటూ సుఖంగా ఉన్నాడు. నేను చెప్పబోయేది మేమిద్దరం నిరుద్యోగులుగా వెలిగిన ఒక చలికాలం సంగతి.

ప్లైవుడ్ మిల్లు మూతపడ్డప్పుడు ఇద్దరం ఒకే రోజు ఇంటిదారి పట్టాం. దుంగల్ని పలచటి పొరలుగా చెక్కే యంత్రం దగ్గర అతను ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. ఆ పొరల్ని ఎండబెట్టే చోట నేను నిలబడ్డాను. ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇస్తుంది గాని ఊరికే ఇవ్వదు. వారానికి మూడు చోట్ల పని అడగాలి, అడిగినట్టు చూపించాలి. లేదా ఆ వారం పస్తు. నాకు కారుంది, ధైర్యం లేదు. ఆర్విడ్‌కి కారు లేదు, మొహమాటం లేదు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి నిరుద్యోగి తయారయ్యేవాడు.

మిల్లులో తక్కినవాళ్ళు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోనే దరఖాస్తులు పంపేవారు. ఆర్విడ్ ఒప్పుకోలేదు.

"మొహం చూపించకుండా పని అడగడమంటే తలుపు తట్టి పారిపోవడమే వెర్నా. బండి తియ్యి."

తీసేదాన్ని. వానలో ఊరంతా తిరిగేవాళ్ళం.

మొదట బేకరీకి వెళ్ళాం. కేకులమ్మే పని. ఆర్విడ్ చేతులు చూస్తే కేకే జడుసుకుంటుంది. యజమానురాలు మర్యాదగానే అడిగింది.

"కేకు మీద పేరు రాయగలరా?"

"రాస్తాను మేడమ్. మూడక్షరాలు దాటకూడదు."

"దాటితే?"

"మీరు ఇంకొంచెం పెద్ద కేకు చెయ్యాలి."

పని రాలేదు. మరుసటి వారం పళ్ళ డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ళని పలకరించి కూర్చోబెట్టే పని. ముప్పై ఏళ్ళు యంత్రం పక్కన అరిచి అరిచి ఆర్విడ్ గొంతు ఆ స్థాయిలోనే బిగుసుకుపోయింది. "ఫోన్‌లో ఎలా మాట్లాడతారో ఒకసారి వినిపించండి" అన్నారట. ఇతను వినిపించాడు. నేను వీధి అవతల కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చుని ఉన్నాను. నాకూ వినిపించింది. లోపల కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న ఒకాయన నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోయాడట.

ఆ పనీ రాలేదు. రాకపోతే మనమైతే ఏం చేస్తాం? ఇంటికి వెళ్ళి దుప్పటి కప్పుకుంటాం. ఆర్విడ్ అలా కాదు. వారం తిరగ్గానే మళ్ళీ అక్కడికే వెళ్ళి కౌంటరు మీద మోచేతులు ఆనించేవాడు.

"ఆ పని ఎవరికిచ్చారు?"

"ఒకావిడకి. మీరేమీ అనుకోకండి."

"అనుకోను. ఎప్పుడు చేరుతోంది?"

"సోమవారం. ఎందుకూ?"

"మధ్యాహ్నం తిండికి ఎన్నింటికి వదుల్తారు?"

ఇక్కడికి వచ్చేసరికి వాళ్ళు ఫోన్ వైపు చెయ్యి చాపేవాళ్ళు. కానీ చిన్న ఊరు. ఉద్యోగం ఇవ్వలేకపోయినవాళ్ళకు సమాధానమైనా ఇద్దామనిపిస్తుంది కాబోలు, చెప్పేసేవాళ్ళు.

సోమవారం మధ్యాహ్నం నేనే అతన్ని అక్కడ దింపేదాన్ని. సంచీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కారు నిండా యాలకుల వాసన. వాళ్ళమ్మ నేర్పిన యాలకుల రొట్టె తనే కాల్చుకుంటాడు, అందులో మాత్రం అతని చేతికి తిరుగులేదు.

"ఏం చేస్తావ్ లోపలికెళ్ళి?" అని అడిగేదాన్ని.

"తనిఖీ. నన్ను ఓడించిన మనిషి ఆ పనికి తగునో లేదో చూడొద్దూ?"

"తగకపోతే?"

"మొహం మీదే చెప్తా."

నేను లోపలికి వెళ్ళేదాన్ని కాదు. ఇలాంటి మనిషితో వచ్చానని తెలిస్తే నాకు రాబోయే ఉద్యోగం కూడా రాదని భయం. ఈలోగా వేరే చోట నా వంతు పని అడిగి, అరగంటకి వచ్చి ఎక్కించుకునేదాన్ని. కారెక్కగానే తీర్పు చెప్పేవాడు.

"నా కంటే ఆవిడే నయం. పేరు జెనీవా. ఫోన్ ఎత్తితే పావురం కూసినట్టుంటుంది. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులట పాపం."

"మోకాళ్ళ నొప్పులు కూడా తనిఖీ చేశావా?"

"చేస్తే పూర్తిగా చెయ్యాలి."

ఊళ్ళో అతనికి గద్ద అని పేరు పెట్టారు. కొత్తగా పనిలో చేరినవాడు ఎప్పుడు జారిపడతాడా, ఆ కుర్చీలో తనెప్పుడు వాలుదామా అని కాచుకుంటాడట. నేను కూడా నవ్వేదాన్ని. "ఏం గద్దా, ఇవాళ ఎవరి నెత్తిమీద?" అంటే, "టైర్ల కొట్లో, పన్నెండున్నరకి" అని బుద్ధిగా జవాబిచ్చేవాడు.

ఫిబ్రవరిలో ఆ నవ్వులకి గండి పడింది. సామాన్ల కొట్టు యజమాని ప్రౌటీ భృతి ఆఫీసుకి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాడు. తన కొట్లో కొత్తగా చేరిన లేలండ్ అనే గుమస్తా ఎదురుగా ఈ ఆర్విడ్ వచ్చి కూర్చున్నాడనీ, లేలండ్ అసలే బెదురుమనిషనీ, ఇలాగైతే పని మానేస్తాడనీ. విచారణ తేలేదాకా ఆర్విడ్‌కి ఆ వారం భృతి ఆపేశారు. అతనికి వేరే ఆధారం లేదు. ఇల్లు వెచ్చబెట్టే పొయ్యికి నూనె పోయించుకోవడం మానేసి, నిద్రపోయేటప్పుడు కోటు వేసుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే "కోటు బావుంది కదా, పగలే ఎందుకు వేసుకోవాలి" అన్నాడు.

విచారణకి నేనూ వెళ్ళాను. ఆఫీసులో మా ఇద్దరి కేసులూ చూసే మిసెస్ టిబెట్స్ మంచిదే, కానీ నవ్వితే రూలు తప్పినట్టవుతుందేమోనన్నట్టు ఉంటుంది.

"మిస్టర్ లెహ్తో, ఆ కొట్టు దగ్గర ఏం చేశారు?"

"తిన్నాను మేడమ్."

"తినడానికి అంత దూరం ఎందుకెళ్ళారు?"

"తనిఖీకి. ఆ పని నాకు రావలసింది. వాడెలా చేస్తున్నాడో చూడాలా వద్దా?"

"చూడాలని ఎక్కడా లేదు."

"కూడదని ఉందా?"

ఆవిడ ఎదురుగా ఉన్న కాగితాలు అటూ ఇటూ తిరగేసింది. లేదు. పని చెయ్యగలగాలి, పనికి సిద్ధంగా ఉండాలి, పని వెతుకుతూ ఉండాలి అని ఉంది. ఓడిపోయినవాడు గెలిచినవాడి దగ్గరికి వెళ్ళకూడదన్న మాట రాయాలని ఎవరికీ తోచలేదు.

"అసలు కారణం ఏదైనా ఉంటే చెప్పండి. మీకే మంచిది."

ఏదో ఒకటి చెప్పమని నేను బల్ల కింద అతని కాలు తొక్కాను. అతను బూటు పక్కకి జరుపుకుని, "అదే కారణం మేడమ్" అన్నాడు.

"అయితే ఇకమీదట వెళ్ళకండి. ఇంకో ఫిర్యాదు వస్తే నేనేమీ చెయ్యలేను."

"సరే మేడమ్."

ఆ తర్వాతి వారం ఇద్దరం ఒకే పని అడిగాం. కొండ మీది వృద్ధాశ్రమంలో బట్టలుతికే చోట. ఒకే ఖాళీ. ముందు అతన్ని పిలిచారు, తర్వాత నన్ను. శుక్రవారం ఫోన్ వచ్చింది. నాకు.

అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు. కారులో కూర్చోబెట్టి, వైపర్లు ఆడుతుంటే వాటినే చూస్తూ చెప్పాను.

"ఆర్విడ్, ఆశ్రమం పని నాకిచ్చారు."

అతను కిటికీ అద్దం మీది ఆవిరి అరచేత్తో తుడిచాడు. తర్వాత అడిగాడు.

"ఎప్పుడు చేరుతున్నావ్?"

"సోమవారం."

"తిండికి ఎన్నింటికి వదుల్తారు?"

"నువ్వు రావడానికి వీల్లేదు. టిబెట్స్ ఏం చెప్పింది? కోటుతో పడుకుంటున్నావ్, రేపు ఆ కోటు కూడా అమ్ముకుంటావా?"

"నన్ను ఓడించిందానివి. నిన్నొదిలి ఇంకెవర్ని తనిఖీ చెయ్యను?"

"వస్తే నీతో మాట్లాడను."

"తనిఖీ చేసేవాడితో ఎవరూ మాట్లాడరు. అలవాటే."

సోమవారం పనిలోకి వెళ్ళాను. గది నిండా ఆవిరి, గోడ పొడుగునా రైలు ఇంజన్లలాంటి యంత్రాలు. నలుగురు ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కలిసి పని చేస్తున్నారు. ఒకరు "వంకాయ" అంటే ముగ్గురు పగలబడి నవ్వుతారు. ఆ వంకాయ కథ ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నవ్వాలో మానాలో తెలియక దుప్పట్లు మడతపెట్టాను. తప్పు మడత పెట్టానని పెద్దావిడ ఓపల్ అన్నీ విప్పింది. ఏమీ అనలేదు, ఊరికే విప్పింది. తిడితే బాగుండేది.

మధ్యాహ్నం గంట మోగింది. వాళ్ళు నలుగురూ నాలుగు కుర్చీల బల్ల చుట్టూ కూర్చున్నారు. "రా, కూర్చో" అని ఓపల్ అంది గాని, ఎక్కడ కూర్చోను? "కారులో ఏదో మర్చిపోయాను" అని బయటికి వచ్చేశాను. తాళం చేతిలో పట్టుకుని నడుస్తుంటే ఒకటే ఆలోచన. ఇలాగే ఎక్కి ఇంటికి వెళ్ళిపోతే? పని మానేసినవాళ్ళకి భృతి రాదు, ఆ సంగతి తెలుసు. తెలిసినా కాళ్ళు కారు వైపే లాగుతున్నాయి.

కారు పక్కన వానలో ఆర్విడ్ నిలబడి ఉన్నాడు. రెండు బస్సులు మారి వచ్చాడట. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. సంచీ మాత్రం కోటు లోపల పొడిగా ఉంది.

"తలుపు తియ్యి, తనిఖీ ఉంది."

ఒళ్ళు మండిపోయింది. "రావద్దని చెప్పానా లేదా? ఎవరైనా చూసి ఆఫీసుకి ఫోన్ చేస్తే?" అంటూనే తలుపు తీశాను. ఎక్కి, యాలకుల రొట్టె విరిచి నాకు సగం ఇచ్చాడు. పొగబెట్టిన చేప, వెన్న, ఫ్లాస్కులో కాఫీ, రెండు కప్పులు.

రెండు కప్పులు. నేను వాటి వైపే చూస్తూ ఉండిపోయాను.

"బేకరీకి కూడా రెండు తీసుకెళ్ళావా?"

"ఒక కప్పులో ఇద్దరెలా తాగుతారు?"

"అందరితోనూ ఇలా కూర్చుని తినడమేనా నీ తనిఖీ?"

అతను రొట్టె నమిలి, మింగి, గడ్డం దులుపుకున్నాడు.

"మిల్లులో చేరిన రోజు తిండిగదిలో ఎక్కడ కూర్చోవాలో తెలీక, మరుగుదొడ్డి పక్కన నిలబడి తిన్నాను. పక్కనుంచి వెళ్ళే ప్రతివాడూ నేను వరసలో ఉన్నాననుకుని నా వెనక నిలబడేవాడు."

నవ్వొచ్చింది. కాఫీ పొలమారింది.

"ఆ మాట టిబెట్స్‌కి చెప్తే పోయేది కదా. తోడుకి వెళ్ళానని చెప్తే ఆ వారం డబ్బు ఇంకా ఆపి ఉంచేవాళ్ళా?"

"అలా చెప్తే లేలండ్ ఏమవుతాడు? జాలిపడి వచ్చాడని వాడికి తెలిస్తే ఇంకా కుంగిపోతాడు. తనిఖీ అన్నామనుకో, ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండేవాడికి భయం వెయ్యదు వెర్నా. ఇందాక నిన్ను చూశాను, పారిపోయేదానిలా వచ్చావ్. ఇప్పుడు చూడు, నన్ను కొట్టేలా ఉన్నావ్. చాలా నయం."

రొట్టె తిన్నాను. కాసేపయ్యాక అతనే అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"పొద్దున టిబెట్స్ ఫోన్ చేసింది. ఆ వారం డబ్బు వదిలేశారట. లేలండ్‌ని కదిపితే ఏదో చెప్పాడట."

"ఏం చెప్పాడు?"

"పావుగంట చెప్పాడట. బెదురుమనిషి అన్నారు. ఎవర్నీ నమ్మడానికి లేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "వెళ్ళు, గంట మోగుద్ది. తీర్పు చెప్పమంటావా?"

"చెప్పు."

"నా కంటే నువ్వే నయం. దుప్పట్లు మడతపెట్టడం నాకసలు రాదు."

"నాకూ రాదు."

"వాళ్ళకి చెప్పకు."

బస్టాపు వైపు వెళ్ళిపోయాడు. లోపలికి వెళ్ళేసరికి నలుగురూ కిటికీ దగ్గరున్నారు. చూశారన్నమాట.

"ఎవరా ముసలాయన?" అని ఓపల్ అడిగింది.

"ఈ పనికి నాతో పోటీపడి ఓడిపోయినాయన."

"అయ్యో. తిట్టడానికొచ్చాడా?"

"అవును. రొట్టె పెట్టి మరీ తిట్టాడు."

ఓపల్ ముందు నోరు నొక్కుకుంది, తర్వాత ఆగలేకపోయింది. ఆవిడ నవ్వు చూసి తక్కిన ముగ్గురూ, వాళ్ళని చూసి నేను. యంత్రం ఒకటి ఆగి బీప్ బీప్ అని పిలుస్తున్నా ఎవరూ కదల్లేదు. కళ్ళు తుడుచుకుంటూ ఓపల్ పక్కగదిలోంచి ఇంకో కుర్చీ లాక్కొచ్చి ఆ బల్ల దగ్గర పడేసింది.

"కూర్చో," అంది. "ముందు నీకు ఆ వంకాయ సంగతి చెప్పాలి."