గోడ మీద నవ్వు

రాగి తీగ చుట్టి ఆరబెట్టిన ఆర్మేచర్‌ను మోటారులో కూర్చుతున్నాయి వైండింగక్క చేతులు. బల్ల మీదున్నది ఎదుటి హోటలాయన మిక్సీ. అక్క అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. కాలిన మోటార్లు విప్పి విప్పి తనంతట తానే పని నేర్చుకుని, షాపు పెట్టింది.

తలెత్తితే హోటల్ గోడ నిండా తన మొహమే. మొన్నామధ్య మిక్సీల కంపెనీ వాళ్లు ఆమెకు చెప్పకుండా ఫొటో తీసి ఫ్లెక్సీ కట్టారు. చెమటలు కక్కుతున్న అక్క, పక్కన తళతళలాడే కొత్త మిక్సీ, కింద 'ఇంకా ఇలాంటి చోట్లకేనా?' అన్న ప్రశ్న. బేరాలు పడిపోయాయి. బళ్లో కూతుర్ని 'ఇలాంటి చోటు' అని ఏడిపించారు. పిల్ల బడికి పోనని మొరాయించింది. అక్క కంపెనీ ఆఫీసుకెళ్లి కడిగేసి వచ్చింది.

దాంతో పాత ఫ్లెక్సీ పోయి, దానికి రెండింతలది వచ్చింది. 'క్షమించు అక్కా!' అని రాశారు. ఫొటో మాత్రం అదే. కాకపోతే ఈసారి నవ్వుతోంది.

"అమ్మా, ఆ పళ్లు నీవి కావు" అంది కూతురు, పొద్దున. ఇవాళా బడికి పోలేదు.

ఇప్పుడు కంపెనీ ప్రచారాల ఆఫీసరు కొత్త మిక్సీతో, కెమెరామనిషితో దిగాడు.

"మేడమ్, ఇది పట్టుకుని 'నాకేం కోపం లేదు' అనండి, చాలు."

"ఉందిగా!"

"అంత పెద్ద బోర్డు పెట్టి సారీ చెప్పాం కదా!"

"నా మొహంతోనా? నన్నడిగావా? ఆ పళ్లెవరివి, మీ మేనేజరువా?"

మిక్సీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డ హోటలాయన పకపకా నవ్వాడు.

"నవ్వకండి బాబాయ్. గోడ అద్దెకిచ్చారు సరే, నా మొహం కూడా మీరే ఇచ్చారా?"



"బోర్డు దించు" అంది అక్క, ఆఫీసరుతో.

"పైవాళ్లను అడగాలి మేడమ్..."

"కట్టేటప్పుడు నన్నడగలేదు, దించడానికి పైవాళ్లను అడుగుతావా?"

అక్క బల్ల వైపు తిరిగింది. మోటారు బిగించి స్విచ్ నొక్కింది. మిక్సీ ఎక్కడా గరగరలాడలేదు. హోటలాయన చేతికిచ్చి, "మీ పని అయింది. నిచ్చెనివ్వండి" అంది.

ఆయన తెచ్చి, కింద గట్టిగా పట్టుకున్నాడు. అక్క కటింగ్ ప్లయరుతో ఒక్కో కట్టూ తెంచుతుంటే కెమెరామనిషి కెమెరా ఎత్తాడు.

"అది దించు. లేకపోతే దాన్నీ విప్పేస్తా!"

దించాడు.

ఫ్లెక్సీ ఎక్కడా చిరగలేదు. మొహం లోపలికి పోయేలా మడిచి, తీగతో కట్టి, ముడి లాగి చూసి, ఆఫీసరు చేతుల్లో పెట్టింది.

"ఇదిగో, మీ సరుకు. సరిచూసుకో."