పైకి బాగున్న అతుకు

పోయిన బుధవారం మా పక్కింటి పైపుల మేస్త్రి పోయాడు. మూడో రోజు ఆ ఇంటి ముందు కుర్చీల్లో కూర్చుని మన వీధివాళ్లు మీరంతా అన్నారు: "పుట్టుకతోనే చెయ్యి తిరిగిన మనిషి. కూతురికీ అదే చెయ్యొచ్చింది, ఇంక ట్రైనింగులెందుకు?"

చావింట్లో వాదించే ఓపిక లేక ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, ఆ మాట తప్పు. ఆయనకు పుట్టుకతో వచ్చింది ఉబ్బసం ఒక్కటే. పని యాభై దాటాక బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాడు.

నల్ల పైపుల కొసలు రెండూ సమంగా చెక్కి, వేడి పలకకు ఆనించి, కరిగాక పలక తీసి ఒకదానికొకటి నొక్కిపట్టాలి. జిగురు లేదు, మర లేదు. ఇరవై ఏళ్లు దాన్ని కంటి అంచనాతోనే లాగించాడు. ఒకసారి బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో మోటారు వేయగానే అతుకు ఊడి, పైపు ఎగిరి తగిలి కాపలా మనిషి కాలు విరిగింది. ఆ సాయంత్రం మా మెట్టు మీద కూలబడ్డాడు.

"పైకి బాగానే ఉండాది టీచరమ్మా, లోపల అతకలేదు. బిన్నా పోదామని, దానంతట అది ఆరేదాకా ఆగకుండా నీళ్లు పోసి సల్లార్సినా."

"ఎన్నాళ్లుగా పోస్తున్నావు?"

"మొదట్నించీ."

తిరుపతిలో పైపుల ట్రైనింగులో చేరాడు. వేడి ఎంత, ఎన్ని నిమిషాలు అనే పట్టిక చదవడానికి రోజూ నా దగ్గరికే వచ్చేవాడు. రిటైరైనా లెక్కలు నన్ను వదల్లేదు.

"ఇరవై ఏండ్లు నేను జేసింది సగం తప్పంట."

"మిగతా సగం?"

"రేపు సెప్తామన్నారు."

ఆ తర్వాత ప్రతి అతుకు పక్కనా గడియారం పట్టుకుని కూర్చునేవాడు. మన వీధి పైపు వేసేటప్పుడు కాంట్రాక్టరు అరిచాడు: "ఏమప్పా, జపం జేస్తా ఉండావా?"

"గుడ్డు పొదగతా ఉండా. నన్ను లేపితే నీదే పాపం."

రోజూ మొదటి అతుకును కోసి, లోపల అతికిందో లేదో చూసి పారేసేవాడు. మీరు దాన్ని చాదస్తం అన్నారు. నేనూ అన్నాను, ఒప్పుకుంటున్నాను.

కూతురికి అన్నీ చూపించాడు కానీ, ట్రైనింగు కాకుండా అతుకు వేయనివ్వలేదు. "నన్ను జూసి నేర్సుకుంటే నా తప్పులు గూడా నేర్సుకుంటాది" అనేవాడు. చివరిసారి ఆసుపత్రికి పోయే ముందు ఆమె దరఖాస్తు తానే ఇచ్చి వచ్చాడు. వచ్చే సోమవారం క్లాసు మొదలు. అదే సోమవారం నేరుగా పనిలోకి రమ్మని కాంట్రాక్టరు కబురు పంపాడు, మీరు తలూపారు. నిన్న ఆ పిల్ల నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

"పోవల్లనా టీచరమ్మా? అందరూ వద్దంటా ఉండారు."

"అందరి కాళ్లూ బాగానే ఉన్నాయి కదా, అందుకే అంటారు. నువ్వు పో."

పోతానంది.

వేడి పలక తుడవడానికి నూలు గుడ్డలు తెచ్చుకోమన్నారట ట్రైనింగువాళ్లు. మీ ఇళ్లలో మెత్తబడిన పాత పంచెలుంటే ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, ఆదివారం సాయంత్రంలోగా మా గ్రిల్లుకు తగిలించి వెళ్లండి. పాలిస్టర్ కలిసినవి వద్దు, కరిగి పలకకు పట్టుకుంటాయి. జరీ అంచు ఉంటే కత్తిరించండి. బెల్లు కొట్టకండి, నేను లేచి రాలేను.