సరస్సులో మూడు చుడీదార్లు

ఆ రోజుల్లో నాకు ప్రపంచం రెండే ముక్కలు. ఒకటి కువైట్లో ఎగైలా అనే పేటలో మా మామా వాళ్ళ వంటగది, రెండోది ఆ వంటగది కానిదంతా. ఎలాగోలా మొదటి ముక్కలోంచి రెండో ముక్కలోకి దూకేస్తే చాలు, తతిమ్మాదంతా దానంతటదే సర్దుకుంటుందని నా గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్ళ వయసు మరి, ఎవరైనా కాదంటే వినే వయసు కాదు. (మామా అంటే మేనమామ కాదు. కువైట్ ఇళ్ళలో పనిచేసే మేమంతా ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం.) ఇప్పుడు ఇదే కువైట్లో ఇంకో ఇంట్లో వంట చేస్తూ ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు వెనకాల ఇంకోటి కూడా వస్తుంది గానీ, దాన్ని వచ్చినప్పుడే చూద్దాం.

ఆ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, కడుపు మాడ్చలేదు. నా పేరు మాత్రం తీసేశారు. నాకన్నా ముందు పనిచేసిన అమ్మాయి మేరీ, కాబట్టి నేనూ మేరీనే. (కాపురానికొచ్చిన కోడలి పేరు మార్చినట్టు కూడా కాదు, కుళాయి పాడైతే కొత్త కుళాయి బిగించినట్టు.) రెండేళ్ళకి ఇంటికి పంపిస్తామని మాట. రెండేళ్ళు నిండాక, "రంజాన్ అవనీ మేరీ" అంది మామా. రంజాన్ అయ్యాక వాళ్ళ ఇద్దరు కూతుళ్ళలో పెద్దదాని పరీక్షలు, పరీక్షలయ్యాక చిన్నది స్కూల్లో చేరాలి. చిన్నదానికి అప్పుడు మూడేళ్ళు, నా చున్నీ కొస పట్టుకుంటేగానీ నిద్రపోదు.

మూడో ఏడు మా అమ్మ పోయింది. వంటగదిలో బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, వీడియోలో చూశాను. ఫాదర్ గారు ప్రార్థన చేస్తున్నారు, మా పిన్ని ఏడుస్తోంది. సరిగ్గా పెట్టె మూసేటప్పటికి నెట్ ఆగిపోయింది. అమ్మ మొహం చిన్న చిన్న గళ్ళుగా విరిగి, తెర మీద అలాగే ఉండిపోయింది. ఆ రోజు మామా నాకు సెలవిచ్చింది. సెలవంటే నా గదిలోంచి బయటకి రానక్కర్లేదని అర్థం. సాయంత్రం తలుపు తోసుకుని చిన్నది వచ్చింది, బూటు లేసు కట్టమని. కట్టాను.

మా పెద్దమ్మ కూతురు ఒకామె ఇటలీలో కన్యాస్త్రీ. ఓ సరస్సు దగ్గర వాళ్ళ మఠంవారి వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి సేవ చేస్తుంది. మేమంతా సిస్టరక్క అంటాం. మధ్యాహ్నాలు చిన్నది పడుకున్నాక నాకు ఫోన్ చేసేది. ఆ వేసవిలో మామా వాళ్ళు సరదాగా గడపడానికి ఇటలీ వెళ్తున్నారనీ, చిన్నదాని కోసం నన్నూ తీసుకెళ్తున్నారనీ, అందులోనూ సిస్టరక్క ఉండే సరస్సుకేననీ చెప్పేసరికి అక్క లేచి తలుపేసిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇది దేవుడు చూపించిన దారే. మళ్ళీ ఆ కువైట్ ఎందుకెళ్తావు? మా గుమ్మంలో ఒక్క అడుగెట్టు చాలు, మిగతాది మా మఠం పెద్ద, మదర్ గారు చూసుకుంటారు" అంది.

"నాకు భయంగా ఉందక్కా."

"ఏం భయమే? ఇది ఇటలీ. ఇక్కడ నిన్నెవడూ ఏం చెయ్యడు. నేనున్నానుగా."

వీసా ఆఫీసులో నా వేలిముద్రలు పడలేదు. మూడేళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో నానిన వేళ్ళు కదా, గీతలన్నీ చెరిగిపోయాయి. అక్కడి గుమాస్తా మళ్ళీ నొక్కమంటాడు, మెషిన్ మళ్ళీ ఎర్ర దీపం వెలిగిస్తుంది. "నువ్వసలు ఉన్నావా?" అని నవ్వాడతను. మామా తన సంచిలోంచి ఖరీదైన క్రీము తీసి, నా పది వేళ్ళకీ ఒక్కో వేలుగా రాసింది, అందరి ముందూ. ఆమె మీద ద్వేషం పెంచుకుందామని నేను ఎప్పుడు కూర్చున్నా, ఆ క్రీము వాసన వచ్చి పాడుచేసేది.

ఇక మా పథకం. సరస్సు మీద తిరగడానికి మామా సొంతంగా ఒక పడవ మాట్లాడింది, వేరే జనం ఉండకుండా. మధ్యాహ్నం భోజనానికి ఒడ్డునున్న ఒక ఊళ్ళో ఆగుతాం. ఆ ఊరి రేవులో సిస్టరక్క ఉంటుంది. నేను బాత్రూముకని చెప్పి దిగి, అక్కతో వెళ్ళిపోతాను. పాస్‌పోర్టు హోటల్లో బాబా లాకర్లో ఉంది, దాన్ని వదులుకోవాల్సిందే. (బాబా అంటే ఇంటాయన. ఆ రోజు తలనొప్పని హోటల్లోనే పడుకున్నాడు.) బ్యాగు పట్టుకుని దిగితే అనుమానమొస్తుందని నాకో బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. నాకున్న మూడు మంచి చుడీదార్లూ ఒకదాని మీద ఒకటి తొడిగేశాను. లోపలి దాంట్లో, ప్లాస్టిక్ కవర్లో అమ్మ ఫోటో, సిస్టరక్క అడ్రసు రాసిన కాగితం. అద్దంలో చూసుకుంటే నేను నాకే దగ్గర బంధువులా ఉన్నాను, కాస్త తిండిపుష్టి గల బంధువులా.

"ఇటలీ గాలి నీకు బాగా పడినట్టుంది మేరీ" అంది మామా, నన్ను ఎగాదిగా చూసి.

పడవ నున్నటి చెక్కది, అద్దంలా మెరుస్తోంది. తెల్ల ప్యాంటు, తెల్ల మీసాల పడవాయన మాకందరికీ లైఫ్ జాకెట్లిచ్చాడు. నాది బొత్తాం పడలేదు. ఆయన ఊపిరి బిగబట్టమని సైగ చేశాడు. బిగబట్టాను. అయినా పడలేదు. చివరికి పాపం తాడుతో కట్టాడు, మిఠాయి పొట్లం కట్టినట్టు. చుట్టూ పచ్చటి కొండలు, వాటి కాళ్ళ దగ్గర పసుపు రంగు మేడలు, మెట్లు నీళ్ళలోకి దిగుతున్నాయి. ఏ మేడలో ఏ జమీందారు ఉండేవాడో ఆయన చెప్తుంటే, మామా పిల్లలకి అరబిక్‌లో చెప్పేది. మధ్యలో వంగి, దోసిలితో నీళ్ళు తీసుకుని రుచి చూసింది. "వల్లా! తియ్యగా ఉన్నాయి" అంది చిన్నపిల్లలా. ఏరన్నది లేని దేశంలో పుట్టిన మనిషి. గోదారి లంకలో పుట్టిన నేను ఆమెని చూసి జాలిపడాల్సింది. నాకు అంత తీరికేదీ? మూడు పొరల కింద చెమట కాలవలు కడుతోంది, కళ్ళ ముందు మేడలన్నీ రెండేసి కనిపిస్తున్నాయి, చిన్నది నా ఒళ్ళో కూర్చుని నా చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. దాని వేలి నుంచి ఆ కొస ఎలా విప్పాలా అన్నదొక్కటే నా ఆలోచన.

రేవు కనిపించింది. బూడిద రంగు అంగీ, తెల్ల ముసుగు, చేతిలో నల్ల గొడుగు, సిస్టరక్క. ఎన్నో ఏళ్ళ తర్వాత చూస్తున్నాను. నన్ను చూడగానే, చూడనట్టు నటించాలన్న సంగతి మర్చిపోయి, గొడుగు గాల్లో ఊపేసింది. పెద్దది కూడా చెయ్యూపింది. "ఎవరది?" అంది మామా. "తెలీదు మామా. ఈ దేశంలో సిస్టర్లు అందరికీ చెయ్యూపుతారనుకుంటా" అన్నాను. దాంతో మామా కూడా మర్యాదగా చెయ్యూపింది.

చిన్నదాని వేలికున్న ముడి మెల్లగా విప్పాను. దాన్ని మామా ఒళ్ళో పెట్టాను. లేచాను. పడవకీ మెట్టుకీ మధ్య ఒక అడుగు దూరం, అంతే. మామూలు మనిషి దాటేస్తాడు. నేను కాలెత్తాను. మూడు ప్యాంట్లు కలిసి మోకాలి దగ్గర బిగుసుకుని కాలిని ఆపేశాయి. మిగతా మనిషిని ఆపలేకపోయాయి.

నీళ్ళు మంచులా ఉన్నాయి. నాకు ఈత రాదు. (గోదారి పక్కన పుట్టినవాళ్ళందరికీ ఈతొచ్చనుకుంటారు. మా ఇళ్ళలో ఆడపిల్లల్ని ఏటి దగ్గరికే వెళ్ళనివ్వరు.) తాడు జారి జాకెట్ చెవుల మీదకి వచ్చేసింది, దాని కింద మూడు చుడీదార్లూ నీళ్ళు తాగి నన్ను కిందకి లాగుతున్నాయి. ఆకుపచ్చటి చీకటి. అమ్మ ఫోటో తడిసిపోతుందే అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను. ఇంతలో మెడ వెనకాల ఏదో తగులుకుంది. సిస్టరక్క గొడుగు వంపు. అటు అక్క గొడుగుతో, ఇటు పడవాయన జాకెట్ పట్టుకుని లాగి, మెట్ల మీద పడేశారు. చిన్నది కొండలు అదిరేలా ఏడుస్తోంది. "ఓరి దేవుడో, చచ్చిపోయావేమో అనుకున్నానే!" అని అక్క తెలుగులో అరిచింది. అక్కడితో రహస్యం కూడా అయిపోయింది.

మామా పిల్లల్ని పడవాయనకి అప్పగించింది. నా చెయ్యి పట్టుకుని భోజనాల హోటల్లోకి తీసుకెళ్ళి, బాత్రూములో తలుపేసి, "తియ్యి, జ్వరం వస్తుంది" అంది. తడి బట్టలు ఒంటికి అతుక్కుని నాకు రావట్లేదని తనే విప్పింది. ఒకటి. దాని కింద ఇంకొకటి. దాని కింద మరొకటి. రెండో దాని దగ్గర ఆమె చేతులు నెమ్మదించాయి. మూడో దాని దగ్గర ఆగిపోయాయి. కవరు కింద పడింది. అమ్మ ఫోటోని మామా తన ముసుగు అంచుతో తుడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. అడ్రసు కాగితం చదివింది. తర్వాత అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"నా ఇంట్లో నీకు అన్నం పెట్టలేదా?"

"పెట్టారు మామా."

"ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నానా?"

"లేదు."

"మరి?"

నాకొచ్చిన అరబిక్ అంతా పని అరబిక్. కడుగు, తీసుకురా, వేడిగా ఉంది, అయిపోయింది. మా అమ్మ మీద నేను గుప్పెడు మట్టి కూడా వెయ్యలేదని చెప్పడానికి అందులో మాటలు లేవు. వెతికి వెతికి, "అమ్మ ఖలాస్. కూతురు చూడలేదు" అన్నాను. మామా మొహం చేతుల్లో దాచుకుంది.

తలుపు కొట్టి సిస్టరక్క లోపలికొచ్చింది. "ఈమె నా చెల్లెలు. నాతో తీసుకెళ్తాను" అంది ఇంగ్లీషులో. మామా లేచి నిలబడి, "వీసా కాగితాల మీద హామీ నాది. ఈమె వెనక్కి రాకపోతే అడిగేది నన్నే" అంది. కోపంగా కాదు, భయంగా. మామా భయపడగా నేను చూడటం అదే మొదలు.

"ఆవిడ గొడవ నీకెందుకు? నడు" అంది అక్క నాతో తెలుగులో.

ఒంటికి టవలు చుట్టుకుని నిలబడి, ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదో తెలియని ప్రశ్న ఒకటి అప్పుడడిగాను. "అక్కా, ఇక్కడుండిపోతే మనూరు ఎప్పుడెళ్ళగలను?"

అక్క గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. "కాగితాలు అవ్వాలి కదే. ఐదేళ్ళో, ఆరేళ్ళో..."

"నువ్వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిదేళ్ళు" అంది, ఫోటో వైపు చూస్తూ.

నేను పారిపోవాలనుకున్నది ఇంటికి. ఆ పడవ ఏ రేవులో ఆగినా అక్కడ మా ఇల్లు లేదు. మామా వైపు తిరిగి, "నన్ను మా ఊరు పంపిస్తే వస్తాను" అన్నాను. మామా బయటకి వెళ్ళి చిన్నదాన్ని ఎత్తుకొచ్చి, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, "పంపిస్తాను. దీని మీద ఒట్టు" అంది.

మామా తన సంచిలోంచి తీసిచ్చిన పొడుగు గౌను వేసుకుని నేను తిరిగి పడవెక్కుతుంటే, పడవాయన టోపీ తీసి, మామాకి ఇచ్చినట్టే నాకూ చెయ్యందించాడు. మామా ఒంటి మీద ఉన్నప్పుడు ఎంత హుందాగా ఉండే గౌనో అది. సిస్టరక్క నా కోసం డబ్బాలో పులిహోర తెచ్చింది, అది నా ఒళ్ళో పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పడవ కదిలాక గొడుగు విప్పి వేసుకుంది, ఎండా లేదు, వానా లేదు. నాకు మొహం దాచడానికి ఏమీ లేక, పిల్లలకి పులిహోర పెట్టాను. కారం కారం అని ఏడ్చారు. నేనూ వాళ్ళతో కలిసి ఏడ్చాను, ఎవరూ కారణం అడగక్కర్లేకుండా.

ఒట్టు తీరడానికి నాలుగు నెలలు పట్టింది. స్కూళ్ళు తెరిచారు, తర్వాత ఎవరిదో పెళ్ళి. నేను నోరు తెరిచి అడగలేదు. చిన్నదానికి జడ వేసేటప్పుడు దాని నెత్తి మీద చెయ్యి ఉంచి, మామా వైపు ఒకసారి చూసేదాన్ని, అంతే. మామా గదిలోంచి వెళ్ళిపోయేది. చలికాలం మొదట్లో పాస్‌పోర్టు, టికెట్టు తెచ్చి వంటగది గట్టు మీద పెట్టింది. నేను వెళ్ళేసరికి అమ్మ సమాధి మీద గడ్డి మొలిచి, ఎండిపోయి, మళ్ళీ మొలుస్తోంది. అక్కడ ఏం చెయ్యాలో తెలియక గడ్డి పీకి ఇంటికొచ్చాను. రెండు నెలలకి ఊళ్ళో నాకు పనేమీ లేదని అర్థమై, మళ్ళీ కువైటే వచ్చాను, ఇంకో ఇంటికి. వచ్చిన రోజే పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుందని చెప్పాను, నా పేరు కూడా చెప్పాను.

ఈ మధ్య ఒక శుక్రవారం సిస్టరక్కతో మాట్లాడుతూ సరదాకి అడిగాను. "ఆ రోజు నేను వచ్చేసుంటే మీ మదర్ గారు నన్నేం చేసేవారక్కా?"

అటునుంచి గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత, "మా మదర్ గారికి నీ సంగతి నేను చెప్పనేలేదే" అంది.

"చెప్పకుండానే రమ్మన్నావా!"

"చెప్తే వద్దంటారు కదా."

"మరి నన్నెక్కడ పెట్టేదానివి?"

"అంత దూరం ఆలోచించలేదు" అంది. "తెలుగులో మాట్టాడి చాన్నాళ్ళయిపోయిందే. నువ్వుంటే బాగుంటదనిపించింది."

ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల అయితే ఈ మాటకి ఫోను గోడకేసి కొట్టేది. నాకు కోపం రాలేదు. నవ్వాను, అక్కా నవ్వింది, ఇద్దరం ముక్కులు చీదుకున్నాం. "సర్లే గానీ, ఈ పూట ఏం కూర?" అన్నాను. అక్కడ దొరికే సొరకాయలాంటి కాయ ఏదో వేసి పప్పు చేసిందట. అది ఎలా కుదిరిందో, ఇంకాస్త చింతపండుంటే ఎంత బాగుండేదో చెప్పుకుంటూ పోయింది. నేను స్టవ్ కట్టేసి, స్టూలు లాక్కుని కూర్చుని, మొత్తం విన్నాను.