తాటిచెట్టుకు అటూ ఇటూ గద్దలు

రాజాత్తికి నవ్వు వస్తే ఒక పట్టాన ఆగదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలో లేబుళ్లు అంటించే బల్ల దగ్గర ఆమె నవ్వడం మొదలుపెడితే వరస వరసంతా చేతులు ఆపేసేది. మేస్త్రీ కేకలు వేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఆమెకు పెళ్లి కాలేదు. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడంలోనే వయసు దాటిపోయింది. తల్లి పోయాక, ఎట్టయాపురం దారిలో ఉన్న పల్లెలో తమ్ముడు అప్పాసామి ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో పనికి వెళ్లి వచ్చేది.

ఆ ఏడు, అంటే తొంభై ఏడులో, అక్టోబరు నడుమ ఐప్పసి నెల పుట్టగానే వానలు పట్టుకున్నాయి. పుల్లలు ఆరక కార్ఖానా మూసేశారు. అప్పాసామి స్నేహితుడు ముత్తుకృష్ణన్ ఇంటికి వచ్చాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు, పక్షులంటే పిచ్చి.

"అక్కా, సాయంత్రం కణ్మాయి గట్టుకు రాండి. గద్దల్ని ఎంచాల. నేనొకణ్ణే చాలను."

"ఎంచి ఏం చేస్తారు సారే?"

"ఎన్ని వచ్చిండాయో తెలుసుకుంటాం. అంతే."

ఆ 'అంతే' విని రాజాత్తి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే బయలుదేరింది.

కణ్మాయి అంటే ఆ ఊరి వాననీటి చెరువు. గట్టు వెనకాల నల్లరేగడి బీడులో నడుమెత్తు గడ్డి. వచ్చేవి పిల్లిగద్దలనీ, హిమాలయాలకు అవతలి నుంచి ఏటా వస్తాయనీ, పగలంతా చేలల్లో మిడతల్ని పట్టుకుని పొద్దుగూకే వేళకు ఈ గడ్డిలో దిగి పడుకుంటాయనీ మాస్టారు చెప్పాడు.

"చెట్లుండగా నేల మీదనా?" అని మళ్లీ నవ్వబోయింది రాజాత్తి. అంతలో మొదటిది వచ్చింది. కడిగిన బూడిద రంగు. రెక్కలు కాస్త పైకెత్తి, ఆడించకుండానే గడ్డి చివళ్లను రాసుకుంటూ జారిపోయింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత గోధుమరంగు ఆడగద్దలు రెండు. చూస్తుండగానే నాలుగు వైపుల నుంచీ రాసాగాయి. రాజాత్తి నవ్వడం మరిచిపోయింది. చిన్నప్పుడు రంగులరాట్నం పైకి లేచినప్పటిలా రెండు చేతులతో కొంగును గట్టిగా పట్టుకుంది.

గట్టు ఆ కొసన, మాస్టారు అలాగే పిలుచుకొచ్చిన లక్ష్మణసామి కూర్చుని ఎంచుతున్నాడు. పక్క ఊరివాడు, పంపుసెట్లు బాగుచేస్తాడు, భార్య పోయి చాలా ఏళ్లయింది. చీకటి పడ్డాక ఇద్దరి లెక్కలూ కలిపి మాస్టారు తల పట్టుకున్నాడు.

"ఇన్ని లేవే! ఒకే గద్దను ఇద్దరూ ఎంచినారు."

"నా గద్దను ఈయనెందుకు ఎంచినాడు?" అంది రాజాత్తి.

లక్ష్మణసామి గొంతు సవరించుకున్నాడు. "నీ గద్ద అని దాని మీద లేబులు అంటించి ఉండాదా అమ్మా?"

మాస్టారు తీర్పు చెప్పాడు. బీడు నడుమ ఉన్న తాటిచెట్టుకు ఇవతల దిగినవి రాజాత్తివి, అవతల దిగినవి లక్ష్మణసామివి. మరునాడు గద్దలు సరిగ్గా తాటిచెట్టు చుట్టూనే తిరిగాయి.

"ఏమయ్యా, ఇది నీదే!" అని ఈ కొస నుంచి రాజాత్తి.

"నాది కాదు, మళ్లీ నీ తట్టుకే వస్తాండాది!" అని ఆ కొస నుంచి లక్ష్మణసామి.

గొర్రెలు కాసేవాళ్లు ఏం గొడవో అని పరుగెత్తుకొచ్చారు. ఇక లాభం లేదని మాస్టారు ఇద్దర్నీ గట్టు మధ్యలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి లక్ష్మణసామి వేరుశనగపప్పుల కడలమిఠాయి తెచ్చేవాడు, రాజాత్తి ఫ్లాస్కులో టీ తెచ్చేది. వాన వెలిసి కార్ఖానా తెరిచాక కూడా సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా తిన్నగా గట్టుకే నడిచేది.

ఒకరోజు మబ్బు విచ్చి ఆకాశమంతా పసుపు పచ్చగా మెరుస్తోంది. గద్దలు గుంపులు గుంపులుగా వచ్చి పడుతున్నాయి. రాజాత్తి వేళ్లు మడుస్తూ, పెదాలు కదుపుతూ, నవ్వుతూ ఎంచుతోంది. లక్ష్మణసామి గొంతు సవరించుకున్నాడు.

"రాజాత్తీ, నన్ను కట్టుకుంటావా?"

"గమ్మునుండు! లెక్క తప్పిపోతాది!"

అతను తల దించుకుని మిఠాయి పొట్లం మడత పెట్టసాగాడు. రాజాత్తి ఎంచుతూనే ఉంది గానీ, ఎన్నిటి దగ్గర ఉందో ఆమెకే తెలియడం లేదు. చెవులు వేడెక్కాయి. ఆఖరి గద్ద దిగి, గడ్డి సద్దుమణిగింది. మాస్టారు గబగబా వచ్చాడు.

"ఎన్నక్కా?"

"సరే" అంది రాజాత్తి.

"సరే అంటే ఎంత?"

"మీకు కాదు సారే, ఈయనకు!"

ఆ మాట అర్థమవడానికి మాస్టారికి కాసేపు పట్టింది. అయ్యాక గట్టు మీదే గంతులు వేశాడు. లక్ష్మణసామి లేచి నిలబడబోయి టీ ఫ్లాస్కు తన్నేశాడు. ఆ రోజు లెక్క ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

సంగతి విని అప్పాసామి ముందు ఏడ్చాడు, తర్వాత ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో కళుగుమలై గుడిలో పెళ్లయింది. తాళి కట్టే వేళకు పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేకపోతే అయ్యరు మంత్రం మరిచిపోయాడు.

కొన్నాళ్లకు లక్ష్మణసామి విరుదునగర్‌లో మోటారు రిపేరు అంగడి పెట్టాడు. రెండువేల ఐదులో ఒక సాయంత్రం, అంగడి ముందు బేరాలు నిండుగా ఉండగా, పప్పుమిల్లుల కప్పుల మీదుగా ఒక బూడిదరంగు గద్ద దక్షిణం వైపు జారిపోయింది. రాజాత్తి దాన్ని చూసింది.

"ఏమండీ, వచ్చేసినాయి!"

లక్ష్మణసామి చేతిలో పానా అక్కడే పడేశాడు. మోటారు తెచ్చినవాడు నోరు తెరిచి చూస్తుండగా, గ్రీజు చేతులు తుడుచుకోకుండానే ఆమె వెనకాల కోవిల్‌పట్టి బస్సు కోసం పరుగు తీశాడు.