తగ్గని ధరకు దిగిపోయిన గిరాకీ

2023 ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న కంప్యూటర్ షాపులో నేనే సేల్స్‌మన్, నేనే మెకానిక్, ఓనరు లేనప్పుడు నేనే ఓనరు. ఆయన ఉన్నప్పుడు మాత్రం ఊడ్చేవాణ్ణి.

అద్దాల అరలో రెండు చిన్న లాప్‌టాప్‌లు కవలపిల్లల్లా ఉండేవి. విండోస్ ఉన్నది ఇరవై ఏడు వేలు. రెండోదానిలో లైనక్స్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్. లైసెన్సు ఖర్చు లేదు కాబట్టి ఇరవై రెండు వేలు. దానికి ‘ఒకే ధర’ అని చీటీ అంటించాను. నిజాయితీకి జనం పరుగెత్తుకొస్తారనుకున్నాను. వచ్చారు, విండోస్ కొనుక్కుని పోయారు.

ఒక శనివారం సీతారామపురం నుంచి మార్తమ్మ అనే ఆవిడ కూతురు రూతుతో వచ్చింది. రూతుకు ఇంటినుంచి చేసే టైపింగ్ ఉద్యోగం దొరికింది. సోమవారానికి సొంత లాప్‌టాప్ లేకపోతే అది ఇంకొకరికి పోతుంది. మేకలమ్మిన డబ్బు ఇరవై రెండు వేలే ఉంది. మర్నాడు ఆదివారం, షాపుకు సెలవు. ఊరికి ఉన్న ఆఖరి బస్సు ఎదురుగా ఆగి ఉంది.

రూతు పనంతా బ్రౌజర్‌లోనే. లైనక్స్‌లో కంపెనీ సైటు తెరిచి చూసుకుంది, బాగానే నడిచింది. మార్తమ్మకు మాత్రం నడవలేదు.

“అయిదువేలు తక్కువంటే లోపల ఏం పీకేసినారబ్బయా?”

“ఏం పీకలేదమ్మా. ఒకటి పెట్టలేదంతే.”

“అది ఇంకా అన్యాయం! మంచి మేకని ఎవుడన్నా చవగ్గా ఇస్తాడా? సరే, ఎంతకిస్తావు చెప్పు.”

“చీటీ మీద ఉండాది గదమ్మా.”

“అంటించింది నువ్వే గదా, పీకలేవా?”

“తగ్గదమ్మా.”

“పా రూతూ,” అని ఆవిడ మెట్లు దిగింది. నేను నియమానికి కట్టుబడి కూర్చున్నాను. టేబుల్ కింద కాలు మాత్రం ఆగడం లేదు. ఆవిడా రోడ్డు దాటడం లేదు. సంచీ ముడి విప్పుతోంది, మళ్ళీ కడుతోంది. బస్సు హారన్ కొట్టింది.

రూతు వెనక్కి తొంగిచూసి, “పిలువన్నా,” అంది.

“ఎవర్ని?”

“మా అమ్మని! బేరంలో లేచిపోయినోళ్ళని పిలవాల గదా. పిలవకపోతే ఆమె రాదు, బస్సు పోతాది, నా ఉద్యోగమూ పోతాది. నువ్వు సంతకి ఎప్పుడూ పోలేదా?”

పోలేదు. మా ఇంట్లో మేకలు లేవు. ఆ లోటు నేనే తీర్చానని మా నాయన అంటాడు.

“అమ్మా! రా, చూద్దాం,” అని అరిచాను. మాట పూర్తయ్యేలోపు ఆవిడ కౌంటర్ దగ్గరుంది. ఇరవై అంది. నేను తల పట్టుకున్నాను. చివరికి మూడొందలు తగ్గించి, బ్యాగు ఊరికే ఇచ్చాను. షాపుకు మిగిలింది నా టీ ఖర్చు.

“గట్టిదే అయ్యుంటాదిలే,” అంది మార్తమ్మ, “ఊరికే తగ్గలేదు గదా!” తల్లీకూతుళ్ళు లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని, కదులుతున్న బస్సెక్కారు.

ఇప్పుడు లైనక్స్ లాప్‌టాప్‌కు అయిదొందలు ఎక్కువే చెబుతాను. అవి నాకు మిగలవు. కొనేవాళ్ళు నా దగ్గర గెలుచుకుని తీసుకుపోతారు. వస్తువు మంచిదని నేను చెబితే నమ్మనివాళ్ళు, నా మొహం వాడిపోతే నమ్ముతారు. అందుకని ఆ వాడిపోవడం కూడా బాగానే సాధన చేశాను.