గూట్లో తెల్లపిట్ట

నా చిన్నప్పుడు లోకమంతా నాకు మా బాపు బట్టల దుకాణంలాగే కనిపించేది. ఎర్ర తానులు ఒక అరలో, తెల్లవి ఇంకో అరలో. అటుదిటు పెడితే బాపు కంటే ముందు నేనే అరిచేదాన్ని. బాన్సువాడ బజారులో నా అంత తెలివైన పిల్ల లేదని గట్టి నమ్మకం. నమ్మింది నేనొక్కదాన్నే అనుకోండి.

ఒక ఎండాకాలం సెలవుల్లో పక్కింటి అవ్వ బీడీలకు తునికాకు కోయడానికి అడవికి పోతుంటే, బతిమాలి వెంటపడ్డాను. వాగు పక్కన వంగిన కొమ్మ మీద చాయ్ కప్పంత గూడు, అందులో ఎర్రటి పిట్ట. అవ్వ ఆ చుట్టుపక్కల మొక్కల్ని ముట్టలేదు. గూడున్న చోట ముట్టకపోవడం ఆకు కోసేవాళ్ల పద్ధతి. లేతాకు వదిలేస్తోందే అని నా ప్రాణం కొట్టుకుంది.

అవ్వ అవతలికి పోయాక మళ్లీ చూస్తే, అదే గూట్లో తెల్లపిట్ట! జానెడుకు మించిన తోక బయటికి వేలాడేసుకుని దర్జాగా కూర్చుంది. పరాయి గూట్లో చేరిన దొంగే అనుకుని, వెంట తెచ్చుకున్న ఉండేలుతో రాయి వదిలాను. రాయి కొమ్మకు తగిలింది. పిట్ట ఎగిరిపోయింది.

"ఏం జేసినవే పోరీ?" అంటూ అవ్వ ఉరికొచ్చింది.

"దొంగను ఎల్లగొట్టిన అవ్వా!"

ఆమె తిట్టలేదు. నన్ను పొద చాటుకు లాగి, "అండ్ల మూడు గుడ్లున్నయి. ఇంటోళ్లు వస్తరో రారో, కూసోని సూడు" అంది.

ఎవరూ రాలేదు. ఎదుటి చెట్టు మీద మాత్రం కాకి వాలి, గూటికేసి మెడ సాచింది. లేద్దామంటే అవ్వ చెయ్యి వదలదు. మనుషులు కనిపిస్తే పిట్టలు అసలే రావట. దేవుడికి ఒక కొబ్బరికాయ మొక్కాను. కాకి ఇంకో కొమ్మ ముందుకు జరిగింది. రెండన్నాను. అయిదు దాకా పెంచాను. జీవితంలో నేనే ధర పెంచుకుంటూ పోయిన బేరం అదొక్కటే.

అప్పుడు ఎర్రపిట్ట గీ పెడుతూ వచ్చి కాకి మీద పడింది. వెనకే తెల్లది. రెండూ కలిసి దాన్ని వాగు దాటేదాకా తరిమాయి. ఎర్రది మేతకు పోయింది. తెల్లది వచ్చి, నా రాయి తగిలిన కొమ్మ మీది గూట్లోనే, గుడ్లను పొట్ట కిందికి సర్దుకుని కూర్చుంది.

"దొంగ గాదే, మొగుడు" అని అవ్వ నవ్వింది. "రంగు గాదు, తల సూడు. ఇద్దరికీ అదే నల్ల జుట్టు, కంటి సుట్టు అదే నీలం. తోకపిగిలి పిట్టలివి. మొగది గూడ పడుసుతనంల ఎర్రగనే ఉంటది, రెండు మూడేండ్లకు గిట్ల తెల్లబడ్తది. గుడ్లు ఇద్దరూ పొదుగుతరు. మా ముసలోడైతే ఒక్కనాడన్న పోరగాండ్లను ఎత్తుకోలె!"

నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు నాకూ జుట్టు తెల్లబడింది. బేరంలో ముందు మాట ఈనాటికీ నాదే. కానీ ఎవరినైనా తప్పుపట్టబోయేటప్పుడు ఆ మూడు గుడ్లు ఎండలో ఒంటరిగా ఉన్న కాసేపు గుర్తొస్తుంది. నోరు దానంతటదే ఆగుతుంది.