రత్నమ్మ ఫోనుకు చేరని గొంతు

కుప్పంలో నా స్టూడియోలో ఎవరి ఫోనుకైనా కేబుల్ తగిలించగానే కంప్యూటర్ టుంగుమంటుంది. రోజంతా వినే చప్పుడే. అయినా ఒక్కోసారి అది చెవిన పడగానే పుంగనూరులో నాకు పని నేర్పిన రమణప్ప సార్ గుర్తుకొస్తారు. పొట్టి మనిషి, భుజాన కెమెరా సంచి, బుగ్గన వక్క, కోపం ముక్కుమీదే. డిగ్రీ అయి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను ఎడిటింగులో పెట్టుకుని, తిట్టి తిట్టి దారిలో పెట్టారు. తప్పు తనదని ఒప్పుకోవడం మాత్రం ఆయన ఒంట్లో లేదనే అనుకునేదాన్ని. తాళి కట్టేది వీడియోలో సరిగా పడలేదని ఒక పెళ్లికొడుకు తగువుకొస్తే, "మీ మామ నడుమ్మీద చేతులు పెట్టుకోని అడ్డంగా నిలబడితే నేనేం సేసేదప్పా? ఆయన్నే అడుగుపో" అని ఎదురు తిట్టి పంపించారు. ఆ రోజు నేను నవ్వు ఆపుకోలేక వెనక గదిలోకి పారిపోయాను.

మా పెళ్లి వీడియోలకు ఒక పద్ధతి ఉంది. పందిట్లో మనుషుల మాటలూ నవ్వులూ అన్నీ తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు వేసేస్తాం. జనం అడిగేదీ అదే. నిమ్మనపల్లె దగ్గరి పల్లె నుంచి రత్నమ్మ అనే ఆవిడ వచ్చేదాకా అందులో తప్పేముందని నాకు తోచనేలేదు. ఆమె కూతురి పెళ్లి మేమే తీశాం. తర్వాత కొన్నాళ్లకే భర్త చిన్నప్ప పోయాడు.

"పాటలు బాగుండాయి లే అప్పా. ఆయప్ప నోరు ఆడతాండాది, మాట రాలేదు. ఆ మాట యాడ పెట్టినారు?" అని అడిగింది.

సార్ కంప్యూటర్లో వెతికారు. మేము కత్తిరించక ముందున్న అసలు ఫైళ్లు ఒక ఫోల్డర్లో దొరికాయి. చిన్నప్ప పంక్తిలో తిరుగుతూ, "ఇంగొంచెం ఏసుకోప్పా, మా పాప పెండ్లి మళ్లా వస్తాదా?" అని విస్తరి విస్తరికీ వంగి అడుగుతున్నాడు. రత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదట, ఫోనులో మాట్లాడినవేవీ దాచుకోలేదట. అదంతా తన ఫోనులోకి ఎక్కించమంది.

ఆ రోజు సార్‌కు అంగళ్లు అనే ఊళ్లో ఇంకో పెళ్లి తీసే పని ఉంది. కంప్యూటర్లో జాగా నిండిపోయింది. కాపీ చేయాల్సిన ఫోల్డర్‌ను ఆయన కట్ చేసి, ఆమె ఫోనులోని మెమరీ కార్డులో పేస్ట్ చేశారు. అంటే మా దగ్గర ఇక మిగలదు. ఫోనులో ఫైళ్ల పేర్లన్నీ కనబడ్డాయి, ఒక్కటైనా తెరిచి చూడకుండానే కేబుల్ పీకేశారు. సాయంత్రానికి అంగళ్లు పెళ్లి వీడియో వచ్చి ఖాళీ అయిన ఆ జాగాలో కూర్చుంది.

రత్నమ్మ మళ్లీ వచ్చి, ఏ వీడియో కూడా తెరుచుకోవడం లేదని ఫోను చేతికిచ్చింది. సంతలో కొన్న నాసిరకం కార్డు. పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు.  సార్ "రెండు దినాలు ఉండమ్మా" అని ఆమెను పంపించి, హార్డ్‌డిస్కు తీసుకుని మదనపల్లెకు, పోయిన ఫైళ్లు తీసిచ్చే మనిషి దగ్గరికి పరుగెత్తారు. దానిమీద ఇంకో పెళ్లి ఎక్కిపోయింది, ఇక రాదన్నాడు అతను.

రత్నమ్మ ఇంటికి నన్నూ వెంటబెట్టుకు వెళ్లారు. కార్డుదే తప్పని చెబుతారని నేను నిశ్చింతగా ఉన్నాను. అందులో అబద్ధమూ లేదు.

"నీ కార్డు మంచిది కాదమ్మా. అయినా పోగొట్టింది నేనే. ఒకటి నా దగ్గర పెట్టుకోని నీకీయాల్సింది. పెట్టుకోలేదు, తెరిచి సూళ్లేదు" అన్నారు సార్.

 ఈయనేనా ఆ మాట అన్నది! రత్నమ్మ అర్థం కానట్టు ఆయన్నే చూసింది.

"అంటే... ఆయప్ప మళ్లా సచ్చిపోయినాడా?"

 లేచి వెళ్లిపోదామని సార్ చెయ్యి తట్టాను. ఆయన కదల్లేదు. రత్నమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది, గోడకు తల ఆనించి ఏడ్చింది, మళ్లీ తిట్టింది. ఆయన నేలమీద అలాగే కూర్చుని విన్నారు. చివరికి ఆమె మొహం తుడుచుకుని, "నువ్వే కదా తీసినావు. ఆయప్ప ఎట్ల పలికినాడో సెప్పు" అంది.

సార్ తలొంచుకుని, ఆ పంక్తిలో మాట మెల్లగా పలికారు.

"అట్ల కాదు. ఆయప్ప సాగదీస్తాడు" అని ఆమె ఆ మాట తానే అంది. అచ్చం ఆ గొంతే, ఆ సాగదీతే. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. 

రత్నమ్మే ముందు లేచింది. "నీ మీద కోపం పోలేదు నాకు. అన్నం తిని పో" అంది. సార్ తిన్నారు. ముద్ద దిగడం లేదని కనబడుతూనే ఉంది, అయినా విస్తరి ఖాళీ చేసి లేచారు.

ఇప్పుడు నా చేతిలో ఎవరి ఫైళ్లయినా పోతే ఫోనుదో, కేబుల్‌దో తప్పని నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగి, "పోగొట్టింది నేనే" అంటాను.  ఆ మాట అనడం సులువే. అన్నాక వాళ్ల ఏడుపు అయిపోయేదాకా లేవకుండా ఎదురుగా కూర్చోవడమే కష్టం. కూర్చుంటాను.